కలశంలో ఉన్న అమ్మ

ఉలి జారలేదు. ముప్పై ఆరేళ్లలో సుడలైముత్తు ఉలి ఒక్కసారి కూడా జారలేదు. అయినా ఆ ముక్క ఊడి అతని అరచేతిలో పడింది.

మినపగింజంత ఉంది. విగ్రహాన్ని పీఠానికి పట్టి ఉంచే పాత అష్టబంధనం నల్లగా గట్టిపడిపోతే, దాన్ని చెక్కి తీస్తున్నాడు. ఊడింది ఆ లక్క ముద్దలోదే అనుకుని దీపం దగ్గర పెట్టి చూశాడు. కాదు, రాయి. శివకామి అమ్మన్ ఎడమ పాదం చిటికెన వేలి కొన.

విరిగి భిన్నమైన విగ్రహానికి పూజ లేదు. తాతముత్తాతలు మొక్కిన అమ్మను తీసుకెళ్లి తామ్రపర్ణి నదిలో విడిచిపెట్టాలి.

గుప్పిట బిగించి బయటికొచ్చాడు. పందిరి గుంజలు పాతిస్తున్న ధర్మకర్త ఆవుడయప్పన్‌ను పక్కకు పిలిచి చూపించాడు.

"ఎవరైనా చూశారా?" ధర్మకర్త గొంతు తగ్గించాడు.

"లేదయ్యా."

"అయితే నువ్వూ చూడలేదు. రేపు కొత్త బంధనం పెడతావుగా, వేలి మీదికి కాస్త మెత్తు. పైన వెండి కవచం ఎలాగూ ఉంది. ఆదివారం కుంభాభిషేకం పెట్టుకుని ఇప్పుడు ఈ గోలేమిటి?"

"అమ్మకు తెలియదా అయ్యా?"

ధర్మకర్త నవ్వాడు. "వెర్రివాడా, అమ్మ అక్కడెక్కడుంది? నెల కిందటే పూజారి పట్టర్ గారు దర్భతాడు పట్టి కలశంలోకి పిలుచుకున్నారుగా! లోపలున్నది నీ రాయి. కాబట్టే నిన్ను గర్భగుడిలోకి రానిచ్చారు. లేకపోతే గడప తొక్కగలిగేవాడివా?"

అదీ నిజమే. సుడలైముత్తు తల ఊపాడు.

మర్నాడు పొద్దున్నే, నలుగురు మనుషులు వెన్న వేసి దంచిన బంధనం ముద్ద చేతిలో పెట్టుకుని బయల్దేరాడు. వెచ్చగా, మైనంలా ఉంది. చల్లారితే రాయవుతుంది. తొందరగా వెళ్లాలి.

గర్భగుడికి దారి, పని ముగిసేదాకా అమ్మ ఉండే తాత్కాలిక గుడి బాలాలయం ముందు నుంచే. కొబ్బరాకుల పందిట్లో, వడ్లరాశి మీద, నూలు చుట్టిన కలశం. పని మొదలైన నాటి నుంచి రోజూ అక్కడ ఒక్క క్షణం ఆగి, "అమ్మా, పనికి పోతున్నా" అని చెప్పి వెళ్లడం అతనికి అలవాటు.

ఇవాళ తల వంచుకుని దాటబోయాడు.

"ఏం సుడలై, అమ్మతో మాటల్లేవా? అలిగావా?" పూలు సర్దుతున్న కల్యాణసుందర పట్టర్ అడిగాడు. డెబ్భై మూడేళ్ల ముసలాయన. ఆ పాదాలను యాభై ఏళ్లుగా కడుగుతున్న చేతులు ఆయనవి.

సుడలైముత్తు కాళ్లు కదల్లేదు. అమ్మ లోపల లేదన్నది నిజమైతే, ఇక్కడ ఉందన్నదీ నిజమే. చూడదనుకున్న ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది. చేతిలో ముద్ద చల్లారుతోంది.

మొలలో దోపుకున్న మూట విప్పి ముక్క చూపించాడు. "నా చేతిలోనే ఊడింది స్వామీ. కప్పెయ్యడానికే పోతున్నాను."

పట్టర్ ముక్కను అరచేతిలోకి తీసుకుని చూశాడు. "వేలి కొన వరకైతే బాగు చేసుకోవచ్చు, శాస్త్రం ఒప్పుకుంటుంది. బీట లోపలికి పోయి ఉంటే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. పద, రాయిని మోగించి చూడు."

సంగతి తెలిసి ధర్మకర్త పరుగెత్తుకొచ్చాడు. "స్వామీ, ఆహ్వాన పత్రికలు పంచేశాం! ఊరి పరువు పోతుంది."

"ఆవుడయప్పా, బీట ఉంటే రాయికి సెలవు చెబుదాం. అమ్మ కలశంలో క్షేమంగా ఉంది. కొత్త రాయి వచ్చేదాకా అక్కడే ఉంటుంది. అబద్ధంలోకి రమ్మని ఆమెను నేనెలా పిలవను?"

ధర్మకర్త వాళ్ల వెంట గర్భగుడిలోకి నడిచాడు.

సుడలైముత్తు సుత్తి తీసుకున్నాడు. బీట ఉంటే బోలుగా పలుకుతుంది. మొదట మడమ మీద తట్టాడు. ఖంగుమంది. మోకాలు. ఖంగుమంది. భుజం మీద తట్టేసరికి గర్భగుడంతా కంచుతాళంలా మోగింది. ఆ మోత సన్నగిల్లేదాకా ముగ్గురూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

పట్టర్ తన వేలి బంగారు పవిత్రపుటుంగరం తీసి అతని చేతిలో పెట్టాడు. "కంసాలికిచ్చి అమ్మ చిటికెన వేలికి తొడుగు చేయించు."

ముద్ద అప్పటికే గట్టిపడింది. సుడలైముత్తు దాన్ని మళ్లీ వెన్న వేసి సాయంత్రం వరకూ ఒంటరిగా దంచాడు. అరచేతులు బొబ్బలెక్కాయి.

ఆదివారం పట్టర్ కలశం నెత్తిన పెట్టుకుని వచ్చి, మంత్రం చెబుతూ ఆ నీళ్లు విగ్రహం మీద పోశాడు. తెర పడింది. సుడలైముత్తు గడప ఇవతల, జనం మధ్య ఉన్నాడు.

"లోపలికి పోయి చూసుకో, తొడుగు సరిగా కూర్చుందో లేదో," ధర్మకర్త మెల్లగా భుజం తట్టాడు.

"ఇక నేను ముట్టకూడదయ్యా."

తెర తొలగింది. హారతి వెలుగులో ముందుగా చిటికెన వేలి బంగారం మెరిసింది. నెల రోజులు అతను ఆ మోకాళ్లకు భుజం ఆన్చి పనిచేశాడు. ఆ పాదం ఎన్ని అంగుళాలో, పీఠంలోకి ఎంత దిగిందో అతనికి తెలుసు. ఇప్పుడు కళ్లు ఆ వేలి దగ్గర ఆగిపోయి పైకి లేవడంలేదు.

బొబ్బల చేతులు నెత్తిమీద జోడించాడు. "అమ్మా, పనైపోయింది," అన్నాడు.

అప్పుడు తలెత్తి ముఖం చూశాడు.