కట్ట కింద దగ్గు

జీపు మోత వినబడగానే ఎర్రమ్మ పొయ్యిలో చెంబెడు నీళ్లు కుమ్మరించింది. గూడెమంతా అదే పని చేసింది. పొగ కనబడితే మనుషులున్నారని తెలుస్తుంది. మనుషులున్నారని తెలిస్తే ఫారెస్టోళ్లు గుడిసెలు పీకుతారు. పోడు కొట్టుకుని బతికేవాళ్లకు జీపు వచ్చిందంటే అడవిలోకి ఉరకడమే.

ఉరకలేనిది ఎర్రమ్మ మొగుడు ముత్యాలు ఒక్కడే. తాటిచెట్టు మీంచి పడి నడుం విరిగినప్పటి నుంచి మంచానికే అతుక్కుపోయాడు. దానికి తోడు ఆగని దగ్గు. ఎర్రమ్మ అతని మీద బొంత కప్పి, పైన గడ్డి పరిచి, తువ్వాల కొస నోటికి అందించింది.

"దగ్గొస్తే గిది కొరుకు. సప్పుడు చెయ్యకు."

"నువ్వు ఉరుకుతవా, నీతులు చెప్తవా?" అన్నాడు ముత్యాలు.

ఆ రోజు దిగింది ఫారెస్టోళ్లు కాదు. కట్టల భద్రత చూసే ఇంజనీరు, పక్కన ఖమ్మం కాంట్రాక్టర్ శేషగిరిరావు. గూడేనికి ఎగువన వాగుకు అడ్డంగా కట్ట పోయించి చెరువు చేసింది ఈ రావే. ఊరికి నీళ్లిచ్చే చెరువు కాదది. గెస్ట్ హౌసు, రంగు పడవలు, ఆదివారం వచ్చే కార్లు. గిరిజనులు కానివాళ్లకు ఏజెన్సీ భూమి కొనే హక్కు లేదు కాబట్టి కాగితం మీద పేరు ఒక కోయ కూలీది. గేటు తాళం రావుది.

గడ్డి కింద ముత్యాలు అంతా విన్నాడు.

"ఇవేంటి రావుగారూ?"

"పశువుల కొట్టాలండీ. ఎవరుంటారిక్కడ? చూస్తున్నారుగా, పొయ్యిలో నిప్పు కూడా లేదు."

"అయితే లో హజార్డ్ అని రాస్తాను. తెగినా ప్రాణనష్టం ఉండదు."

జీపు వెళ్లాక ఎర్రమ్మ గడ్డి తీసింది. ముత్యాలు తువ్వాల ఊసి, పందెం గెలిచినవాడిలా నవ్వాడు.

"ఒక్కసారి గూడ దగ్గలే. ఎర్కేనా?"

సంఘం మనిషి రవీందర్ వచ్చి ఆ ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పేదాకా ఆ గెలుపు ఏమిటో ఎవరికీ తెలియలేదు. తెగితే జనం చచ్చే కట్టను పై తరగతిలో పెడతారు. దానికి కావలి ఉంటుంది, సైరన్ ఉంటుంది, ఏటేటా తనిఖీ ఉంటుంది. ఎవరూ చావని కట్టకు ఏమీ ఉండదు.

"ఎందుకు ఉరికిన్రు? ఒక్కలన్న నిలబడి మేమున్నం అనాలె గద!" అన్నాడు రవీందర్.

పోడు కేసులో జైలు చూసొచ్చిన ముత్తక్క లేచింది. "నువ్వు బస్సు మోత ఇన్నోనివి బిడ్డా. జీపు మోత ఇన్నోళ్లం మేము. ఉన్నమంటే జైలు, లేమంటే నీళ్లు. ఏది కోరుకోమంటవ్?"

"గా రెండూ వాళ్లు పెట్టినయక్కా. మనం అందరం గలిసి ఉన్నమని చెప్పాలె."

"అంటే అందరం గలిసి జైలుకు పోవుడా?"

అందరూ నవ్వారు. రవీందర్ నవ్వలేదు. "అవ్. గదే" అన్నాడు.

మర్నాడు రవీందర్ వెంట ఎర్రమ్మ, ఇంకొందరు ఇంజనీరు ఆఫీసుకు వెళ్లారు. ఇంజనీరు మంచిగానే అడిగాడు, "మీరెక్కడుంటారమ్మా?" అని. పక్క కుర్చీలో ఫారెస్టు ఆఫీసరు చాయ్ తాగుతున్నాడు. రవీందర్ మోచేత్తో పొడిచాడు. ఎర్రమ్మ ఆ ఆఫీసరు వైపు చూసింది. "ఊకెనే వచ్చినం సార్" అంది చివరికి. తిరిగొచ్చే దారిలో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

శ్రావణంలో ముసురు పట్టింది. పడవల కింద నీళ్లు తగ్గకూడదని రావు అలుగుకు అడ్డంగా ఇసుక బస్తాలు పేర్పించాడు. అలుగు మూస్తే నీళ్లెటు పోవాలి? ఎర్రమ్మ వానలో తడుస్తూ కట్టెక్కి రావు కాళ్లు పట్టుకుంది.

"అయ్యా, బస్తాలు తీయించున్రి. కింద నా మొగడు లేవలేడు."

గొడుగు కింద రావు నవ్వాడు. "కింద ఎవరూ లేరని గవర్నమెంటే రాసింది. నువ్వెక్కడి నుంచి వచ్చావమ్మా?"

ఆమె నోరు తెరిచేలోపే కట్ట నడుమ మట్టి మెత్తగా కుంగింది. కట్ట తెగింది. ఆ తర్వాత అంతా మోతే. గూడేనికి ఉరకడం తెలుసు, ఉరికింది. ఇద్దరు వెనక్కి తిరిగి ముత్యాలు మంచం కోసం పోయారు. నీళ్లు వాళ్లను చెరో పక్కకు విసిరేశాయి. తెగని కట్ట కొస మీద నిలబడి ఎర్రమ్మ మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. పిలుస్తూనే ఉంది.

వాగొడ్డు పొదల్లో ముత్యాలు శవమై దొరికాడు. తువ్వాల కొస పళ్ల మధ్య బిగుసుకుని ఉంది. ఆ మోతను జీపనుకున్నాడు.

"జనం లేనిచోట జనం ఎట్లా చస్తారయ్యా?" అని, చావు రాయించడానికి పోయిన రవీందర్‌ను ఆఫీసులో తిప్పి పంపారు. దసరాకల్లా కట్ట మళ్లీ లేచింది, దాని కింద గుడిసెలూ లేచాయి. కట్టకు తరగతి రాసే జీపు మళ్లీ వచ్చింది.

మోత వినగానే ముత్తక్క చెయ్యి అలవాటుగా చెంబు మీదికి పోయింది. ఎర్రమ్మ ఆ చెంబు లాక్కుని వాకిట్లోకి విసిరికొట్టింది. పొయ్యిలోకి పచ్చికట్టెలు తోసింది.

"ఉరికేటోళ్లు ఉరుకున్రి. ఇగ నాకు దాసుకునేటందుకు ఎవ్వలు లేరు."

కొందరు చెట్లదాకా పోయి ఆగారు. తలలు వంచుకుని వెనక్కొచ్చారు. గుడిసె గుడిసెకూ పొగ లేచింది.

ఇంజనీరు, రావు, వెంట ఫారెస్టు ఆఫీసరు. "ఎవరు మీరు?" అన్నాడు ఇంజనీరు.

మళ్లీ అదే భయం. పొగ ఎర్రమ్మ గొంతులోకి దూరింది. ముత్యాలు తువ్వాల ఆమె భుజం మీదే ఉంది. నోటికి అడ్డం పెట్టుకోలేదు. దగ్గింది. ఇంజనీరు మొహంలోకి చూస్తూ మళ్లీ దగ్గింది. ముత్తక్క దగ్గింది. పొగ పట్టినవాళ్లూ పట్టనివాళ్లూ, పిల్లాజెల్లా, గూడెమంతా దగ్గింది.

"ఇన్నవా సారూ?" అని అరిచింది ముత్తక్క. "కట్ట కింద పశువులు దగ్గుతున్నయ్! రాసుకో!"

ఇంజనీరు కలం తీయలేదు. మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది. అడవి ఆక్రమణ కేసు అని అందరినీ ఎక్కించారు. గుడిసెలు పీకేశారు. కట్ట తరగతి మారలేదు. అలుగు మీద బస్తాలు మళ్లీ పేరుస్తున్నారు.

వ్యాను దుమ్ముగూడెం రోడ్డెక్కేముందు వాగు దిగువనున్న ఇంకో గూడెం దాటింది. మోత విని అక్కడ పొయ్యిలన్నీ ఆర్పేశారు. ఒక్క మనిషి లేడు. ఎర్రమ్మ వ్యాను కిటికీ జాలీకి నోరానించి గట్టిగా దగ్గింది.

ఒక గుడిసె వెనక నుంచి, సన్నగా, ఎవరో దగ్గారు.