గ్రూపు రేటు

మార్చి ఆఖర్లో నూజివీడులో, బుద్ధి ఎదగని పిల్లల్ని పగటిపూట చూసుకునే సెంటర్‌లో తల్లిదండ్రులకి మీటింగ్ పెట్టారు. జోజమ్మ మామిడికాయలు ఏరే షెడ్డులో ఒక పూట పని మానుకుని వెళ్ళింది. ఆమె కూతురు షాలోమికి ఇరవై రెండేళ్ళు. మనిషి ఎదిగింది గానీ బుద్ధి మూడేళ్ళ పిల్ల దగ్గరే ఆగిపోయింది. ఆరేళ్ళుగా పగలంతా ఆ సెంటర్‌లోనే ఉంటోంది. అక్కడికి రాకముందు గోడకేసి తల బాదుకునేది. ఇప్పుడు బాత్రూంకి వెళ్ళాలంటే చెయ్యెత్తి చూపిస్తుంది. ఆమె గ్రూపులో ఆరుగురూ బల్ల చుట్టూ కూర్చుని కాగితం కవర్లు చేస్తారు. ఒకళ్ళు మడిచిస్తే షాలోమి బంక రాస్తుంది.

సెంటర్ నడిపే కిషోర్ బాబు నిలబడే మాట్లాడాడు.

"ఇన్నాళ్ళూ మనకి డబ్బు పంపినవాళ్ళు ఆపేశారండి. పదిహేను వందల నెల ఫీజు ఇక ఉండదు. ఏప్రిల్ నుంచి రోజు లెక్క. గ్రూపుకి ఒక టీచరు, ఒక ఆయా. అంతా కలిపి రోజుకి తొమ్మిది వందలు ఖర్చు. గ్రూపులో ఎంతమంది ఉంటే అంతమందికీ పంచుతాం."

"అంటే మనిషికి నూట యాభై" అన్నాడు యలమంద. ఆయన ఆగిరిపల్లి దగ్గర మామిడితోట కౌలుకి చేస్తాడు. ఆయన కొడుకు సుభాష్ బల్ల దగ్గర షాలోమి పక్కనే కూర్చుంటాడు.

"ఆరుగురూ వస్తే అంతేనండి. నలుగురే వస్తే రెండు వందల పాతిక. ముగ్గురైతే మూడొందలు. అంతకన్నా తగ్గితే గ్రూపు తీసేయాల్సిందే."

లెక్క రాసి చేతికిచ్చిన కాగితాన్ని ఎవరూ చూడలేదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

ఏప్రిల్ సగం కాకముందే ఇద్దరు మానేశారు. మనిషికి రెండు వందల పాతిక అయింది. జోజమ్మ భర్త శౌరి పోయి మూడేళ్ళు. షాలోమికొచ్చే పింఛను ఆరువేలు. నెలకి ఇరవై రెండు పనిదినాల లెక్కన అందులో దాదాపు ఐదువేలు ఇక సెంటర్‌కే. ఇంటద్దె, ఫిట్స్ మందులు, తిండి అన్నీ షెడ్డు కూలి మీదే గడవాలి. ఆ పని సీజన్ ఉన్నన్నాళ్ళే.

యలమంద కూడా మాన్పించేలా ఉన్నాడని టీచరు మెర్సీ చెప్పింది. ఆ ఆదివారం చర్చి అవగానే జోజమ్మ బస్సెక్కి ఆగిరిపల్లి వెళ్ళింది.

యలమంద ఆమెకి కుర్చీ వేశాడు. "పూత మాడిపోయిందమ్మా. చెట్టుకి నాలుగు కాయలు నిలబడలేదు. కౌలు మాత్రం కట్టాలి కదా" అన్నాడు.

"మీరు మానేస్తే మాకు మూడొందలు పడుద్దండి. పింఛను మొత్తం పెట్టినా చాలదు."

"మాకూ అంతేగా."

జోజమ్మ ఆయన చేతులు పట్టుకున్నంత పని చేసింది. "దాన్ని ఇంట్లో పెట్టి తలుపు గెడేసి పనికిపోయే రోజులు మళ్ళీ వద్దండి. మీరు ఆగండి. మీరున్నంతకాలం నేను మానను. మీకు మాటిస్తున్నాను."

యలమంద భార్య పున్నమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆ వారంలోనే వాళ్ళు చూడి గేదెను అమ్మేశారు. సుభాష్ సెంటర్‌కి వస్తూనే ఉన్నాడు.

మే నెలాఖరుకి నాలుగో పిల్ల ఉదయశ్రీని వాళ్ళ నాన్న తీసుకెళ్ళిపోయాడు. ఇక మిగిలింది ముగ్గురు. అదే వారం షెడ్డు మూసేశారు. ఏరడానికి కాయలే లేవన్నాడు షెడ్డు ఆసామి. మూడోరోజు జోజమ్మ సెంటర్‌కి వెళ్ళి, రేపటినుంచి షాలోమిని పంపనని చెప్పింది.

మెర్సీ రిజిస్టర్ మూసింది. "యలమంద గారికి చెప్పారా? నిన్ననే ఆయన జూన్‌కి అడ్వాన్సు కట్టి వెళ్ళారు."

"చెప్తానండి" అంది జోజమ్మ.

చెప్పలేదు. ఫోన్ రెండుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేసింది. ఒకటో తారీఖున సెంటర్ వాళ్ళు గ్రూపు తీసేశారు.

జోజమ్మ ఇళ్ళల్లో పనికి కుదిరింది. షాలోమిని లోపల ఉంచి బయట గెడ పెట్టి పోయేది. వారంలోపే పిల్ల నుదురు చితికింది. డాక్టర్ మత్తుబిళ్ళలు రాసిచ్చాడు. అవి వేసుకుంటే ఎటు తిప్పి పడుకోబెడితే అటే చూస్తూ ఉండిపోయేది.

జూన్ మధ్యలో ఒక మధ్యాహ్నం యలమంద సుభాష్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. జోజమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఒక్క మాట చెప్పాల్సిందమ్మా" అన్నాడాయన.

"చెప్పే మొహం లేకపోయిందండి. మీ అడ్వాన్సు ఎట్టాగైనా నేను..."

"వాళ్ళు తిరిగివ్వరంట. పోనీలే, దానికోసం రాలేదు. వీడు రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని రోడ్డు మీద నుంచుంటున్నాడు. లోపలికి రమ్మంటే రాడు. మీ అమ్మాయిని చూస్తే నెమ్మదిస్తాడేమోనని పున్నమ్మ అంది."

సుభాష్ అప్పటికే లోపలికి వెళ్ళి షాలోమి పక్కన నేలమీద చతికిలబడ్డాడు. "షాలీ" అని పిలిచాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భుజం పట్టుకుని కదిపాడు. మళ్ళీ పిలిచాడు. ఆమె తల తిప్పలేదు. అతను పిలుస్తూనే ఉన్నాడు, గొంతు పెంచకుండా, ఒకే తీరుగా.

పెద్దవాళ్ళిద్దరూ వింటూ కూర్చున్నారు. "ఇద్దర్నీ ఒకచోట పెట్టి మనమే ఒక మనిషిని పెట్టుకుంటేనో?" అన్నాడు యలమంద చివరికి. ఆ మనిషికి జీతం ఎవరు ఇస్తారని ఆమె అడగలేదు. ఆయనా మళ్ళీ ఎత్తలేదు.

"నాలుగింటి బస్సు పోతే మళ్ళీ ఆరుకే" అని యలమంద లేచాడు. సుభాష్ లేవలేదు. తండ్రి జబ్బ పట్టి లేపబోతే కిటికీ ఊచ పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళవాడు, బలమైనవాడు. యలమంద లాగి లాగి ఆయాసపడి వదిలేశాడు.

ఊచ చుట్టూ బిగుసుకున్న ఆ వేళ్ళని జోజమ్మే ఒక్కొక్కటిగా విడదీసింది.