కోసి అతికించని గొంతు

ఆమె గొంతు తెలియని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. ఆమె ఎదుట నిలబడి మాట్లాడగా విన్నవాళ్ళు మాత్రం పట్టుమని పదిమంది ఉండరు. ఇదేం తిరకాసు అంటారా? చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

చెప్పుల దుకాణం తెరిచినా, కుళాయి నీళ్ళు ఆగినా, ఎవరి పిల్లాడైనా సంతలో తప్పిపోయినా, మైకు బండి మీద వీధి వీధినా వినబడేది ఆమె గొంతే. ముఖం ఎరగనివాళ్ళు కూడా ఆమెను మైకక్క అనేవాళ్ళు. బండి నడిపేది ఆమె భర్త. ఆయన స్టీరింగు పట్టుకుని ఆవలిస్తుంటే, నెత్తిమీది మైకులోంచి ఆవిడ గుక్క తిప్పుకోకుండా ఊరంతటికీ కబుర్లు చెప్పేది.

ఆ మైకక్కకు నత్తి. అలాంటిలాంటి నత్తి కాదు. కొట్లో కిలో ఉల్లిపాయలు అడగాలంటే "కి... కి..." దగ్గరే ఆగిపోయేది. కొట్టువాడు జాలిపడి మిగతా మాట తనే అందించేవాడు. ఆ జాలి చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. అందుకే పడకగదిలో బొంత కప్పుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఒక్కో మాటా నున్నగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పేది. తడబడిన ముక్కలు కోసి పారేసి, బాగున్నవి ఏరి అతికించేది. బొంతలోంచి బయటపడేసరికి చెమటతో ముద్దయిపోయేది గానీ, ఫోనులో మాట మాత్రం గలగలా పారేది.

మహమ్మారి వచ్చిన ఏడాది ఆమెకు ఊపిరి సలపనంత పని. "పిల్లల్ని బడికి పంపకండి, ఇంట్లోనే ఉంచండి" అని ఊరంతా చెప్పింది ఆమె గొంతే. అప్పటికి అది సరైన మాటే. మందూ మాకూ లేదు, వీధికొకరు పోతున్నారు. ఏడాది తిరిగాక టీకా వచ్చింది. ఆరోగ్య కేంద్రం నర్సమ్మ రాసిచ్చిన మాటలు కూడా ఆమే చదివింది. "ఈ టీకాను అందరూ వేయించుకోండి. పుకార్లను నమ్మకండి." ఆ రికార్డింగులన్నీ ఒక ఫోనులోంచి ఇంకో ఫోనుకు ఊరంతా తిరిగాయి.

ఇక వాళ్ళ వీధి చివరి బడి సోమవారం తెరుద్దామని హెడ్మాస్టరమ్మ తీర్మానించింది. కాకపోతే బడిలో పనిచేసేవాళ్ళంతా టీకా వేయించుకోవాలి, ఆదివారం సభలో తల్లిదండ్రులు చేతులెత్తి ఒప్పుకోవాలి. ఆ సోమవారం కోసం మైకక్క కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తోంది. ఎందుకంటే ఆమె ఎనిమిదేళ్ళ కూతురికీ అదే నత్తి. బడి ఉన్నన్నాళ్ళూ పిల్లకు అదొక బాధే కాదు. టీచరు ఆగేది, పక్క బెంచీ పిల్లలు ఆగేవాళ్ళు, అది నత్తితోనే అందరితో దెబ్బలాడి వచ్చేది. ఫోను చదువులు వచ్చాక ఆగే తీరిక ఎవరికుంది? "రె... రె..." అనేలోపు ఇంకెవరో జవాబు చెప్పేసేవారు. చూడలేక తల్లి పిల్లను కూడా బొంతలోకి లాక్కుంది. జవాబు రికార్డు చేసి, కోసి, అతికించి పంపింది. "ఎంత చక్కగా మాట్లాడుతోందమ్మా!" అంది టీచరు. తల్లి పొంగిపోయింది. పిల్ల మాత్రం ఆనాటి నుంచి బొంత బయట నోరు విప్పడం మానుకుంటూ వచ్చింది. మంచినీళ్ళు కావాలన్నా వేలితో చూపించేది. బడి తెరవకపోతే దాని మాట శాశ్వతంగా పోతుందని తల్లికి బెంగ పట్టుకుంది.

ఇంతలో శుక్రవారం పొద్దున, ఆమె గిన్నెలు కడుగుతుంటే వీధిలో వేరే బండి వెళ్ళింది. దాని మీద ఆమె గొంతు!

"ఈ టీకాను... నమ్మకండి. పిల్లల్ని బడికి పంపకండి."

చేతిలో గిన్నె జారి ఖంగుమంది. కోసి అతికించడం తెలిసిన మనిషి కదా, అతుకు ఎక్కడుందో ఠక్కున తెలిసిపోయింది. కొత్త మాటలోంచి రెండు ముక్కలు, పాత మాటలోంచి ఒక వాక్యం. ఆ బండి, బడి తెరవొద్దంటూ కొత్తగా లేచిన తల్లిదండ్రుల వేదికది. దానికి పెద్ద ట్యూషన్ మాస్టారు. ఫోను పాఠాలతో ఊరి పిల్లలందరికీ ఆయనే గురువైపోయాడు, ఆ పెద్దరికం వదులుకోవడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది మైకక్కకు.

అసలు దెబ్బ సాయంత్రం తగిలింది. ఆమె అత్తగారు ఆ బడిలోనే ఆయా. గంట కొట్టేదీ, చిన్నపిల్లల ముక్కులు తుడిచేదీ ఆవిడే. టీకా వేయించుకోవాల్సినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే. చెప్పులు విప్పుతూనే ప్రకటించింది.

"నేను సూది వేయించుకోను. బడి మానమంటే మానేస్తా."

"అ... అదేంటత్తయ్యా?"

"అదేంటని నన్నడుగుతావే? నువ్వేగా నమ్మొద్దని ఊరంతా చెప్పావు!"

"అది నే... నేను కాదు. ఎవరో కో... కోసి..."

"నా కోడలి గొంతు నాకు తెలీదనుకున్నావా? పోయినేడు పంపొద్దన్నావు, మొన్న వేయించుకోమన్నావు, ఇవాళ నమ్మొద్దంటున్నావు. మూడూ నీ గొంతే. ఏదో తెలుసుకుని ఉంటావు, ఇంట్లోవాళ్ళకు చెప్పడానికే నీకు నోరు రావట్లేదు."

అన్నది కోపంతో కాదు, భయంతో. విప్పిన చెప్పులే మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ విప్పింది. తన గొంతు విని ఊళ్ళో ఇలా భయపడేవాళ్ళు ఇంకెందరున్నారో అనుకుంది మైకక్క.

"దీనికింత ఆలోచనెందుకు?" అన్నాడు భర్త. "ఆ మాట నాది కాదని ఇంకోటి రికార్డు చెయ్యి. రేపు పొద్దున్నే తిప్పేస్తా."

సరేనని బొంతలో దూరింది. "ఆ మాట నాది కాదు" అన్న చిన్న ముక్క ఎంతకీ నున్నగా రావడం లేదు. చెబుతోంది, చెరుపుతోంది. అప్పుడు కూతురు బొంత అంచు ఎత్తి తల లోపల పెట్టింది. చాలాసేపు పెదవులు కదిలించింది. చివరికి మాట బయటికొచ్చింది.

"అ... అమ్మా, సో... సోమవారం బడిలో కూడా న... నన్ను కోసి అతికిస్తావా? లే... లేకపోతే నేను వెళ్ళను."

మైకక్క పిల్లను దగ్గరకు లాక్కుంది. తన సిగ్గునే దానికి పలకా బలపంలా చేతికిచ్చానని అప్పుడు అర్థమైంది. ఇంకో సంగతి కూడా తట్టింది. తనిప్పుడు నున్నటి మాట ఇంకోటి చేసి వదిలితే, ఊళ్ళో తిరిగే నున్నటి మాటలు మూడు కాస్తా నాలుగవుతాయి. ఏది కోసిందో ఏది కోయనిదో ఎవరికి తెలుస్తుంది? ఫోను కట్టేసి, బొంత మడతపెట్టి మూలన పడేసింది.

ఆదివారం బడి హాలు కిటకిటలాడింది. కిటికీలన్నీ బార్లా తెరిచారు, మనుషులు మాస్కులు కట్టుకుని దూరం దూరంగా కూర్చున్నారు, అరుపులు మాత్రం దూరం పాటించలేదు. పిల్లలు అక్షరాలు మర్చిపోయారని ఒకావిడ ఏడిచింది. మళ్ళీ రోగం తెస్తారని ఇంకొకాయన లేచాడు. లాండ్రీ నడిపే పెద్దమనిషి గోడకానుకుని నిలబడి, "మా తమ్ముడు చెప్పినవన్నీ చేశాడు. అయినా పోయాడు. ఇక నేను ఎవర్ని నమ్మాలి?" అన్నాడు. టీకా పెట్టెతో ముందు వరుసలో కూర్చున్న నర్సమ్మ ఆయన వైపు తిరిగింది.

అదను చూసి ట్యూషన్ మాస్టారు లేచాడు. "ఎవరో ఎందుకండీ? ఈ బడి ఆయమ్మే సూది వేయించుకోలేదు. మన మైకక్క ఏమంటోందో వినండి." తన ఫోను మైకుకు ఆనించాడు. హాలంతా ఆమె గొంతు. "ఈ టీకాను... నమ్మకండి."

మైకక్క లేచింది. ముందు వరుస దాటి, మాస్కు కిందికి లాగి మైకు పట్టుకుంది.

"నే... నే... నే..."

హాలు ఎదురుచూసింది. మాట రాలేదు. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏంటమ్మా, బండి స్టార్టవడం లేదా? తోయమంటారా?" అన్నాడు మాస్టారు. జనం గొల్లుమన్నారు. భర్త అలవాటుకొద్దీ మాట అందించబోతే కళ్ళు ఉరిమి చూసింది. పాపం, ఆయన నోరు అలాగే తెరిచి ఉండిపోయింది.

"న... నవ్వండి," అంది. "న... నవ్వడం అయ్యాక చె... చెబుతా. నాకేం తొ... తొందర లేదు."

నిజంగానే ఆగింది. చేతులు కట్టుకుని నిలబడింది. ఎదుటి మనిషి అలా తాపీగా నిలబడితే ఎంతసేపని నవ్వుతారు? నవ్వు పలచబడి, దగ్గులుగా మారి, ఆగిపోయింది.

"ఆ గొం... గొంతు నాదే. ఆ మా... మాట నాది కాదు. నా మా... మాటలు కోసి అతికించారు. కో... కోయడం ఎలాగో నాకు తెలుసు, అది నా ప... పనే. పోయినేడు పి... పిల్లల్ని పంపొద్దన్నాను. అవును, అన్నాను. అప్పుడు మన చే... చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు టీకా ఉంది. రో... రోజులు మారాయి కాబట్టి మాట మా... మార్చాను. అందులో దా... దాచేదేం లేదు." లాండ్రీ ఆయన వైపు తిరిగింది. "అ... అన్నయ్యా, మీ భయానికి నేను అడ్డు రాను. న... నర్సమ్మ ఇక్కడే ఉంది. అడగండి, పో... పోట్లాడండి. భయపడటం త... తప్పు కాదు. నా గొంతు దొ... దొంగిలించి మిమ్మల్ని భయపెట్టడం తప్పు!"

మాస్టారి ముఖం జేవురించింది. "నాటకం! ఇంత నత్తి ఉన్న మనిషి మైకక్క ఎలా అవుతుందండీ? ఎవర్నో పట్టుకొచ్చి మన నెత్తిన రుద్దుతున్నారు!"

హాల్లో గుసగుసలు బయల్దేరాయి. నిజమే, ఆ తేనెలాంటి గొంతుకూ ఈ మనిషికీ పొంతనేది? అప్పుడు వెనక బెంచీలోంచి అత్తగారు లేచింది. దారికి అడ్డొచ్చిన కుర్చీలు జరుపుకుంటూ ముందుకొచ్చి మాస్టారి ఎదుట నిలబడింది.

"ఎవర్నో పట్టుకొచ్చారా? ఇది మా ఇంటికొచ్చిన మొదటి రోజు నన్ను 'అ... అ... అత్తయ్యా' అని పిలిచింది. ఆ పిలుపు పూర్తయ్యేదాకా చంకలో బిందె దించకుండా నిలబడ్డాను నేను! బండి మీద వినిపించేది పని కోసం తయారుచేసిన గొంతు. ఇదీ మా ఇంట్లో గొంతు. మాస్టారూ, నిజం చెప్పడానికే ఇంత అవస్థ పడే మనిషికి, అబద్ధాలు కూడా ఆడే ఓపికెక్కడిదయ్యా?"

ఈసారి జనం నవ్వింది మాస్టారిని చూసి. ఆవిడ నర్సమ్మ వైపు తిరిగి, జాకెట్టు చెయ్యి పైకి మడిచి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"రా తల్లీ, పొడిచెయ్. భయం లేదని మాత్రం నన్ను చెప్పమనకు, నాకు చచ్చేంత భయం."

చేతులెత్తమన్నప్పుడు అందరూ ఎత్తలేదు. సగానికి పైగా లేచాయి, అంతే. లాండ్రీ ఆయన ఎత్తలేదు. కానీ సభ అయ్యాక నర్సమ్మ ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, ఒకటే ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తూ కనిపించాడు. మాస్టారు తన ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం అత్తగారు ఎడమ చెయ్యి నొప్పని మూలుగుతూనే, కుడిచేత్తో గంట కొట్టింది. మూడో తరగతి కిటికీ బయట మైకక్క నిలబడింది. లోపల టీచరు హాజరు పిలుస్తోంది. కూతురి వంతు వచ్చింది.

"హా... హా..."

తల్లికి ప్రాణం ఉసూరుమంది. తనకు తెలియకుండానే కిటికీ ఊచ పట్టుకుని, మాట అందించడానికి నోరు తెరిచింది. పిల్ల గిరుక్కున తిరిగి చూసింది.

"నువ్వు చె... చెప్పకు!"

తర్వాత టీచరు వైపు తిరిగి, నిన్న హాల్లో తల్లి నిలబడినట్టే చేతులు కట్టుకుంది. టీచరు పెన్ను పక్కన పెట్టింది. తరగతి అంతా ఆగింది.

"హా... హా... హాజరు, టీచర్!"