ఇంకా నాలుగు ప్యాకెట్లు

గిన్నెలోని గోరువెచ్చని నీళ్ళు చల్లారితే పారబోసి మళ్ళీ పోశాడు. ప్యాకెట్‌ను తిరగేసి రెండోవైపు ముంచాడు. గడ్డకట్టిన పాలు అంచుల్లో కరుగుతున్నాయి గానీ నడుమ ముద్ద మాత్రం మొండికేసి కూర్చుంది. దాన్ని తొందరపెట్టకూడదు. మరిగే నీళ్ళు పోయకూడదు, పొయ్యి మీద పెట్టకూడదు. యాభై రోజులుగా తెల్లవారకముందే లేచి చేస్తున్న పని కాబట్టి కళ్ళు సగం మూసుకునే చేస్తున్నాడు.

ప్యాకెట్ మీద నల్ల సిరాతో తేదీ, వేళ. కింద చిన్న అక్షరాలతో ఒక్క మాట: "జలుబు."

మొన్నటి ప్యాకెట్ మీద "వాన, గొడుగు మరిచా" అని ఉంది. నిన్నటి దాని మీద "తుమ్ములు". అంటే, యాభై రోజుల కింద చనిపోయిన అతని భార్య మొన్న వానలో తడిసింది, నిన్న తుమ్మింది, ఇవాళ ముక్కు తుడుచుకుంటూ తిరుగుతోంది. ఫ్రీజరులో ఇంకా నాలుగు ప్యాకెట్లున్నాయి. ఆ నాలుగూ అయిపోయిన రోజున ఆమె ఇంకోసారి చనిపోతుంది. ఈ లెక్క అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చెక్కిందంటారని భయం. ఎక్కలేదని అతనికీ గట్టి నమ్మకం లేదు.

అతను కోల్డ్ స్టోరేజీలో స్టోర్‌కీపరు. దుకాణాలకు వెన్న, చీజు, పెరుగు డబ్బాలు సరఫరా చేసే గోదాము అది. పదకొండేళ్ళ ఉద్యోగంలో అతను నేర్చుకున్నదీ, నేర్పిందీ ఒకటే ముక్క: ముందొచ్చిన సరుకు ముందు పోవాలి. పాత తేదీ ముందుకు, కొత్త తేదీ వెనక్కు. తేదీ దాటితే బయటికి. దానికి చుట్టరికం లేదు, మొహమాటం లేదు. గోదాములో అందరూ అతన్ని "తేదీల సారు" అంటారు. వెటకారమో గౌరవమో అతను ఎప్పుడూ ఆరా తీయలేదు.

భార్యకూ ఆ పేరు తెలుసు. ఆమె రైలు టికెట్ల కౌంటర్లో గుమాస్తా. పురిటి సెలవు ఇంకో నలభై రోజుల్లో అయిపోతుందనగా రోజుకొక ప్యాకెట్ చొప్పున పాలు పంపుతో తీసి నిల్వ చేయడం మొదలుపెట్టింది. "నేను లేని పూటకి ఉండాలి కదా" అనేది. ప్రతి ప్యాకెట్ మీదా తేదీ వెయ్యమని అతను చెబితే పకపకా నవ్వింది.

"సరే తేదీల సారూ. నన్ను ఏ అరలో పెడతావో కూడా చెప్పు."

ఆ వేళాకోళంతోనే తేదీ కింద ఓ మాట రాసేది. "నిద్ర లేదు." "నీ కూతురు నవ్వింది, నువ్వు చూడలేదు." "ఆకలి." "మళ్ళీ ఆకలి." ఉద్యోగంలో చేరాక కూడా పాత ఫైళ్ళ గదిలో తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని తీసేది. అతను అలవాటు కొద్దీ పాత తేదీ నుంచే వాడుకుంటూ వచ్చాడు. కొత్తవాటితో మొదలుపెట్టి ఉంటే ఆమె చావు నుంచి వెనక్కి నడిచి వెళ్ళి ఉండేవాడు. పదకొండేళ్ళ అలవాటు అతన్ని చావు వైపే నడిపించింది.

లోపల పాప లేచింది. పిట్ట కొంచెం కూత ఘనం. వీధి చివరి ఇంటికి కూడా ఇక అలారం అక్కర్లేదు.

అతను సీసాలో సగం డబ్బా పాలు, సగం ఆమె పాలు కలిపాడు. క్లినిక్ నర్సు చెప్పిన లెక్క ఇది కాదు. డబ్బా పాలు రోజురోజుకీ పెంచుతూ తల్లిపాలు తగ్గించుకుంటూ రమ్మంది. అతనూ మొదట్లో అలాగే చేశాడు. కానీ పాప అతని చేతి సీసా నోట పెట్టగానే మొహం తిప్పేసేది. డబ్బా పాలు సయించడం లేదనుకుని ఆమె పాలు ఇంకాస్త పోశాడు. అప్పుడూ తిప్పింది. ఇంకాస్త పోశాడు. వారం నుంచి సగానికి సగం పోస్తున్నాడు.

"తాగమ్మా. అమ్మ పాలేనే బంగారం."

పాప రెండు గుక్కలు తాగింది. మూడోది పెదవుల మీంచి మెడలోకి కారింది. వీపు విల్లులా వంచి, పిడికిళ్ళు బిగించి, అతని కళ్ళలోకి చూస్తూ ఏడ్చింది. ఆ చూపులో "ఆమె ఏది?" అన్న ప్రశ్న ఉందని అతనికి ప్రతి పొద్దూ అనిపిస్తుంది. గదిలో మూడో మనిషి నిలబడి ఇదంతా చూస్తున్నట్టు వీపు జలదరిస్తుంది. వెనక్కి తిరిగితే తలుపు ఉంటుంది, తలుపు మీద ఆమె చున్నీ ఉంటుంది.

"ఇటివ్వండి బాబూ, నేను పడతాను. మీకు ఆలస్యం అవుతుంది" అంటూ వచ్చింది అత్తగారు. కూతురు పోయిన రోజు కట్టుబట్టలతో వచ్చిన మనిషి, ఇక్కడే ఉండిపోయింది.

"మీ దగ్గర తాగుతుంది అత్తయ్యా. నా దగ్గరే ఈ పేచీ."

ఆవిడ ఏదో అనబోయి ఆగింది. మనవరాలిని భుజాన వేసుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

ప్యాకెట్లో మిగిలిన పాలు, పగటి వాటా, ఒక గ్లాసులో పోసి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాడు. పోయిన వారం నర్సు తూకం వేసి "పర్లేదు, బాగానే పెరిగింది" అన్నప్పుడు మనసులో ఆ ప్యాకెట్లకే దండం పెట్టుకున్నాడు. బిడ్డను నిలబెడుతున్నవి అవే. మరి నాలుగు రోజుల తరవాత? తండ్రి చేతి సీసా ముట్టని పిల్ల, తల్లి పాలు అయిపోయాక ఏం తాగి బతుకుతుంది? బస్సులో నిలబడి ఉన్నంతసేపూ అదే ప్రశ్న చెవిలో జోరీగలా తిరిగింది.

గోదాములో ముతక కోటు తొడుక్కుని చల్లగదిలోకి వెళ్ళాడు. నోటి ఆవిరి కళ్ళముందు తెల్లగా లేచింది. ఇక్కడైతే అతనికి హాయి. ప్రతిదానికీ ఒక అర, ప్రతి అరకీ ఒక చీటీ. వరసలు చూసుకుంటూ, ముందుకూ వెనక్కూ సర్దుకుంటూ మధ్యాహ్నం దాకా పని చేశాడు. ఆ తరవాత వచ్చింది తంటా. ఏదో దుకాణం నుంచి పన్నెండు వెన్న డబ్బాలు తిరిగొచ్చాయి. వాసన వస్తోందట.

అతను డబ్బా తిప్పి చూశాడు. "ఇంకా రెండు నెలలుంది. వెనక్కి తీసుకోవడం కుదరదని చెప్పు."

ముప్పై ఏళ్ళుగా అక్కడే మూటలు మోస్తున్న ముసలి లోడరు మెడలోని తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"మీరు తేదీ చూసి పిల్లనిచ్చే రకం సార్. మూత తీసి చూడండి."

"తేదీ సరిగ్గా ఉంది కదయ్యా."

"తేదీ డబ్బా మీద వేస్తారు. లోపలున్న వెన్నకి చదువు రాదు సార్. కాస్త నాలిక మీద పెట్టుకోండి, అదే చెబుతుంది."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అతను మూత తీసి, వేలి చివర కాస్త వెన్న తీసుకుని నాలిక మీద పెట్టుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు. ఎక్కడో దారిలో లారీ చెడిపోయి ఎండలో నిలిచిపోయి ఉంటుంది. తేదీకి ఆ సంగతి తెలియదు.

పన్నెండు డబ్బాలూ చెత్తబండిలో వేయించాడు. సంతకం పెడుతుంటే చెయ్యి ఆగిపోయింది. యాభై రోజులుగా రోజుకొక ప్యాకెట్ కరిగిస్తున్నాడు. తేదీ చదివాడు, వేళ చదివాడు, కింది మాట పదిసార్లు చదివాడు. ఒక్కసారైనా చుక్క నోట్లో వేసుకుని చూశాడా? లేదు. అది ఆమెది, పాపది. మధ్యలో తనెవరు రుచి చూడటానికి అనుకున్నాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరికే అన్నారా?

ఒంట్లో బాగోలేదని చెప్పి గంట ముందే బయల్దేరాడు.

తలుపు తన తాళంచెవితో తీసుకున్నాడు. పాప ఉయ్యాలలో నిద్రపోతోంది. వంటింట్లో అత్తగారు వీధి వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. చేతిలో పొద్దున అతను మూతపెట్టి ఉంచిన గ్లాసు. ఆవిడ కళ్ళు మూసుకుని, మందు తాగినట్టు ఆ పాలు తాగుతోంది.

"అత్తయ్యా!"

ఆవిడ ఉలిక్కిపడింది. దొంగతనం చేస్తూ దొరికిన చిన్నపిల్లలా గ్లాసు వెనక్కి దాచబోయి, ఇంక దాచడం దేనికన్నట్టు గట్టు మీద పెట్టింది.

"పారబోయడానికి చెయ్యి రాలేదు బాబూ" అంది. "నా పిల్ల పాలు. తూములో ఎలా పొయ్యను?"

"పారబోయడం ఎందుకు? పాపకి పట్టలేదా?"

"పట్టి పది రోజులైంది."

"మరి పగలంతా ఏం తాగుతోంది?"

"డబ్బా పాలు. ఉత్తివే. ఒకరోజు ఇవి కలపడం మరిచిపోయాను. అడుగు దాకా గటగటా తాగేసింది. మర్నాడు కలిపి ఇస్తే మళ్ళీ అదే ఏడుపు. సంగతేమిటా అని రుచి చూశాను."

అతను గ్లాసు తీసుకున్నాడు. అడుగున ఒక గుక్క మిగిలింది. తాగాడు. సబ్బునీళ్ళ రుచి. దాని వెనక సన్నగా ఇనుము చిలుము రుచి.

"చెడిపోయాయా?"

"చెడిపోతే ఈపాటికి నేను మంచం ఎక్కేదాన్ని. నర్సునడిగాను. కొందరి పాలు నిలవుంటే ఇలా అవుతాయట. ప్రమాదం లేదు కానీ పిల్లలు ముట్టరంట."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"ఎలా చెప్పను బాబూ? ఆ ప్యాకెట్లు పట్టుకుని మీరు చదువుకోవడం రోజూ చూస్తున్నాను. ఇంకెన్ని, నాలుగే కదా. అయిపోతే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను." ఆవిడ అతని చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుంది. "నాకూ అవి అయిపోవాలని లేదు."

కోపం రావలసిన చోట అతనికి సిగ్గు ముంచుకొచ్చింది. బిడ్డ వద్దు వద్దంటుంటే అమ్మ పాలమ్మా అంటూ అదే ఎక్కువెక్కువగా పోశాడు. పాప వెతికింది ఆమెను కాదు. దానికి కావలసింది కడుపునిండా మంచి పాలు. ఆమె కోసం ఏడ్చింది తను. ఆ ఏడుపు నెలల పిల్ల నెత్తిన పెట్టాడు.

ఉయ్యాలలో కదలిక. ఆవిడ సీసా కడిగి ఇచ్చింది. అతను కాచి చల్లార్చిన నీళ్ళలో కొలిచి డబ్బా పొడి వేసి కలిపాడు. మణికట్టు మీద ఒక చుక్క వేసుకున్నాడు. తరవాత, తప్పు చేస్తున్నవాడిలా చుట్టూ చూసి, నాలికతో ఆ చుక్క అందుకున్నాడు. కాస్త తియ్యగా, చప్పగా, ఎవరివీ కానట్టు ఉన్నాయి.

పాప మొదట పెదవులు బిగించింది. అతని చేతి సీసా ఎలాంటిదో దానికి తెలుసు మరి. ఒక చుక్క నాలిక మీద పడింది. ఆగింది. కళ్ళు పెద్దవి చేసి అతని మొహంలోకి చూసింది. తరవాత రెండు చేతులతో సీసాని లాక్కుని తాగింది. ముక్కుతో బుసలు కొడుతూ, మధ్యలో ఒక్కసారి కూడా ఆగకుండా, ఖాళీ అయ్యేదాకా. అతని చూపుడువేలు దాని పిడికిలిలో ఇరుక్కుపోయింది. అతను సంతోషంతో ఏడ్చాడు. ఆమెను ఇంట్లోంచి పంపించేస్తున్నట్టుగానూ ఏడ్చాడు. ఏ కన్నీళ్ళు దేనివో విడదీసే ఓపిక లేక రెంటినీ వదిలేశాడు.

పొద్దు వాలుతుండగా ఫ్రీజరు తీసి నాలుగు ప్యాకెట్లూ గట్టు మీద వరసగా పెట్టాడు. అత్తగారు పాపని ఎత్తుకుని వాకిట్లోకి వెళ్ళింది. మొదటి మూడింటి మీదా ఏదో ఒక మాట ఉంది. నాలుగోది, ఆమె సహోద్యోగి ఒకావిడ అంతా అయిపోయిన రెండు రోజులకు ఆఫీసు ఫ్రిజ్‌లోంచి తీసి మంచుముక్కల మధ్య పెట్టి తెచ్చిచ్చింది. దాని మీద తేదీ ఉంది, మధ్యాహ్నం ఒంటిగంటా పది అని ఉంది. కింద ఏమీ లేదు. రాద్దామనుకునేలోగా ఎవరో పిలిచి ఉంటారు. ఆ మధ్యాహ్నం మూడున్నరకు ఆమె కౌంటరు బల్ల మీద తల వాల్చింది. వరసలో ముందున్న మనిషి, ఆమె కునుకు తీస్తోందనుకుని అద్దం మీద రెండుసార్లు తట్టాడట. గుండె అప్పటికే ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు.

అతను నాలుగు ప్యాకెట్లనూ వెచ్చని నీళ్ళగిన్నెలో ఒకేసారి వేశాడు. వాటిని ఏ వరసలోనూ పెట్టలేదు.

ఖాళీ అయిన ఫ్రీజరు గోడకు బెత్తెడు మంచు పేరుకుపోయి ఉంది. స్విచ్ ఆపి, గరిటె కాడతో పెళ్ళలు రాల్చడం మొదలుపెట్టాడు. వెనక మూలలో కాడకి ఏదో గట్టిగా తగిలింది. చుట్టూ తవ్వి రెండు చేతులతో లాగాడు. నీళ్ళ సీసా. ఆఫీసుకు బయల్దేరే హడావిడిలో, త్వరగా చల్లబడుతుందని ఫ్రీజరులో పడేసి మరిచిపోవడం ఆమెకు అలవాటు.

తుడిచి గట్టు మీద నిలబెట్టాడు. సీసా చుట్టూ చెమ్మ పట్టింది. సగం దాకా గడ్డకట్టిన నీళ్ళు, ఆ పైన ఆమె తాగేసిన సగం.