పదకొండు పేర్ల జాబితా

చెక్ దేశపు ఆ సరిహద్దు కొండల ఊళ్లో, బాకాలు చేసే వర్క్‌షాపులో, ఇత్తడి గొట్టాన్ని ముడత పడకుండా వంచగలవాడు ఒక్కడే మిగిలాడు, ముసలి ఇగ్నాట్స్. జర్మనోడు. ఆ గుర్తుగా భుజానికి తెల్ల పట్టీ. యుద్ధం ఓడారని ఆ ఊరి జర్మన్లందరినీ రైలెక్కించి పంపేస్తున్నారు. పనికొచ్చేవాళ్లకు మాత్రం ఉండిపొమ్మని చీటీ ఇస్తారు. ఇగ్నాట్స్ చీటీ ఆ వారమే తేలాలి.

ద్రహోమీరా ఆ వర్క్‌షాపు గుమాస్తా. నాలుగేళ్ల కిందట ఆమె తమ్ముణ్ణి జర్మన్లు గోడకు నిలబెట్టి కాల్చారు. అప్పటినుంచి ఆమెకు ఏడుపూ రాదు, కోపమూ రాదు. అన్నం తింటుంది, కాగితాలు రాస్తుంది.

సోమవారం కొత్త మేనేజరు హ్రుబేష్ అందరినీ పోగుచేశాడు.

"ఇక్కడ జర్మన్ ముక్క వినబడటానికి వీల్లేదు. ఆ చుట్టల బాకాను ‘వాల్టోర్నా’ అనొద్దు, మన మాటల్లో ‘అడవి కొమ్ము’ అనండి. ఎవడు తప్పినా పేరు రాసెయ్, అమ్మాయ్. ఆ జాబితా చూసే చీటీలు."

"మా తాత జన్మంతా వాల్టోర్నాయే ఊదాడు సారూ," అన్నాడు కొత్త పనివాడు ర్జెహోర్జ్. "సమాధి తవ్వి లేపి కొత్త పేరు నేర్పమంటారా?"

అందరూ నవ్వారు. వాయిద్యం జర్మనోడి దగ్గర కొన్నారు, పేరూ దాంతోనే వచ్చింది. తరాల తరబడి చెక్ పల్లెల్లో పెళ్లికీ చావుకీ అదే పేరు. పార పేరు ఎక్కడిదని తవ్వేవాడు అడుగుతాడా? కుర్చీలో కూర్చున్నవాడే అడుగుతాడు.

మూడు రోజులు ఇగ్నాట్స్ నోరు విప్పలేదు. అంతా సైగలే. గురువారం ర్జెహోర్జ్, వంచేటప్పుడు నలగకుండా గొట్టంలో పోసిన తారు గట్టిపడకముందే దాన్ని వంచబోయాడు.

"వాల్టోర్నా వదలరా గాడిదా! నలిగిపోద్ది!" ముసలాడు అరిచాడు.

గొట్టం దక్కింది. ద్రహోమీరా పేరు రాసుకుంది.

శుక్రవారం జాబితా చూసి హ్రుబేష్ మొహం ఎర్రబడింది. పదకొండు పేర్లు. ఆఖరిది అతనిదే.

"నేనా? నేనేమన్నాను?"

"ఫోనులో ‘ఫ్లేట్నా’ అన్నారు, అదీ జర్మన్ నుంచి వచ్చిందే. రెండుసార్లు."

"పిల్లనగ్రోవిని ఇంకేమంటారు? మనోళ్లంటే అలవాటు. ఆ ముసలి జర్మనోడంటే కుట్ర. మళ్లీ రాయి. ఒక్క పేరు చాలు."

గుమ్మంలో ర్జెహోర్జ్ టోపీ నలుపుతున్నాడు. "అక్కా, ఆయన అరిచింది నా పని చెడకుండానే. రాయకక్కా."

ఆమె కొత్త కాగితం తీసింది. తమ్ముడు గుర్తొస్తాడేమో అని ఆగింది. రాలేదు. ముసలాడి మీద జాలి వస్తుందేమో అని చూసింది. అదీ రాలేదు. ఒక్క పేరు రాసి ఇచ్చింది. చేతిరాత ముత్యాల్లా ఉందన్నాడు హ్రుబేష్.

మళ్లీ సోమవారం, చీటీ దక్కని ఇగ్నాట్స్ తన మూటను ఇత్తడి తూచే కాటా మీద పెట్టాడు. యాభై కిలోలు దాటితే రైల్లోకి ఎక్కనివ్వరు.

"నలభై ఒకటి," అంది ద్రహోమీరా. "ఇంకో తొమ్మిది కిలోలు పెట్టుకోవచ్చు."

"ఏం పెట్టుకోనమ్మా?"

ఆమె ఆలోచించింది. ఏమీ తట్టలేదు. నలభై ఒకటి అని రాసి, మూట దించమంది.