ఒక్క నట్టు తక్కువ

పాత పందెం కారుకి ఇంజన్ బిగించడం పూర్తయ్యాక మెకానిక్ ట్రేలో మిగిలినవి లెక్క చూసుకుంటే, చిటికెన వేలి గోరంత నట్టు ఒకటి తక్కువైంది. బల్లల కింద దూరాడు, అయస్కాంతం తిప్పాడు, షెడ్డంతా ఊడ్చాడు. ఎక్కడా లేదు.

పన్నెండు సిలిండర్ల ఇంజన్ అది. ఒకప్పుడు ఆ కారు దుమ్మును కూడా ఇతర కార్లు అందుకోలేకపోయేవట. ఆ నట్టు లోపలే పడి ఉంటే, స్టార్ట్ చేసిన మరుక్షణం ఎనిమిది నెలల చాకిరీ తుక్కైపోతుంది. రేపు పొద్దున్నే కారు యజమానురాలు వస్తోంది.

సీటుకు తోలు కుడుతున్న భార్య తలెత్తింది. "ఏమండీ, ముఖంలో నెత్తురు చుక్క లేదేం?"

విషయం చెప్పాడు.

"అయితే ఆవిడకీ చెప్పేయండి."

"ఇరవై ఏళ్ల పేరు ఏట్లో కలిసిపోతుందే!"

"చెప్పకపోతే పేరుతో పాటు ఇంజనూ కలుస్తుంది. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి!"

మర్నాడు యజమానురాలు చేతికర్ర ఊతంతో, కుంటుకుంటూ, పాత పందెపు గ్లవుజులు తొడుక్కుని మరీ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. వయసులో ఉండగా ఆ కారుని పందేల్లో నడిపింది ఆవిడే.

"అమ్మా, ఇవాళ స్టార్ట్ చెయ్యొద్దు," అంటూ అతను జరిగింది జరిగినట్టు చెప్పేశాడు.

"మళ్లీ విప్పి బిగించడానికి ఎన్నాళ్లు?"

"వారం పడుతుందమ్మా."

"నా ఆఖరి పందెం రోజు మా మెకానిక్ ఒక బోల్టు సరిగా బిగించలేదు. తెలిసి కూడా భయపడి నోరు విప్పలేదు. మూడో మలుపులో చక్రం ఊడింది. ఈ కాలు ఆ చక్రం చలవే. నువ్వు నయం నాయనా. విప్పు. నాకో కుర్చీ వెయ్యి."

నాలుగో రోజు, ఇంజన్ అడుగున నూనె తొట్టి దించితే, పంపు జల్లెడ పక్కనే నట్టు మెరిసింది. పట్టకారుతో దాన్ని పైకి తీసి, మెకానిక్ నేలమీదే చతికిలబడ్డాడు. భార్య నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

వారానికి ఇంజన్ రెండుసార్లు దగ్గి, నల్లగా పొగ కక్కి, ఒక్కసారిగా గర్జించింది. షెడ్డు రేకులు గడగడలాడాయి. ఆవిడ కారు నడుపుకుంటూ వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. దిగలేదు.

"అమ్మాయ్, నువ్వెక్కు. ఇంకో చుట్టు కొడదాం," అంది మెకానిక్ భార్యతో.

కారు మలుపు తిరిగింది. ఆ చప్పుడులో ఎక్కడా తేడా లేదని చెవి రిక్కించి విన్నాక, ఇన్నాళ్లకు అతనికి ఆకలేసింది. క్యారియర్ విప్పి, నిలబడే తినడం మొదలుపెట్టాడు.