తొమ్మిది మార్కుల వేలు

ఆ సాయంత్రం మాస్టారికి మిగిలినవి ఇవి: చదవాల్సిన ఇరవై ఆరు బ్లాగులు, మూడు క్లాసులు చెప్పి బొంగురుపోయిన గొంతు, చల్లారిన టీ.

పుస్తకాల షాపు దివాలా తీశాక, ఈ కాలేజీలో రచన పాఠం చెప్పడానికి కుదురుకున్న మనిషి. బేరం తెలిసినవాడు. నోటుబుక్కులైతే మోయాలి, దిద్దాలి. బ్లాగులైతే లోకమే చదివిపెడుతుంది. అందుకే విద్యార్థులకు షరతు పెట్టాడు: బ్లాగు అందరికీ కనపడాలి, బయటివాళ్ల కామెంట్లు వస్తే రెండు మార్కులు ఎక్కువ. ఆయనకు శ్రమ సగమైంది, పేరు రెట్టింపయింది.

లెక్కలోకి రాని పద్దు ఒకటి ఇప్పుడు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది. నలభై దాటిన ఆడమనిషి, వెనకాల తలవంచుకుని ఆయన విద్యార్థిని. పగలు లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి, పొద్దువాలాక క్లాసుకు వచ్చే పిల్ల.

“మా పిన్ని, సార్.”

“మా పిల్ల రాతకు గురువుగారు మీరేనా?” ఆమె కుడిచేయి చాపింది. బొటనవేలికి గోరు లేదు. “బ్లాగులో పిల్ల పేరు లేదు, నా వేలుంది. నేనూ ఆ లాండ్రీలోనే. దాన్ని పట్టుకుని యజమాని నన్ను రేపట్నుంచి రావద్దన్నాడు.”

మాస్టారికి గుర్తుంది. ‘మా లాండ్రీలో ఒకామెకు చేయి కాలింది’ అని రాసింది పిల్ల. కింద ఆయనే రాశాడు: ‘ఏ చేయి? ఎలా? కళ్లకు కట్టించు.’ పిల్ల కట్టించింది. పని త్వరగా సాగాలని యజమాని ఇస్త్రీ మిషనుకు చేతులు పోకుండా ఉండే అడ్డురేకు ఊడదీయించడం, వేలు లోపలికి పోవడం, గోరు ఊడడం, చికిత్సకు వెళ్లిన పూట కూలీ కోయడం. కామెంట్ల మార్కుల కోసం పిల్ల పంపిన ఆ లింకు ఫోను నుంచి ఫోనుకు తిరిగి యజమాని దాకా చేరింది.

“నా వేలికి ఎన్ని మార్కులేశారయ్యా?”

“తొమ్మిది,” అన్నాడు.

“పదికా? మరి ఆ ఒక్కటి ఎందుకు కోశారు?”

“ముగింపు... కొంచెం బలహీనంగా ఉందని.”

“ఇప్పుడు బలంగానే ఉందిలెండి.”

పిల్ల వెక్కింది. “ఏడవకే, ఏడుపుకు మార్కులుండవు,” అని కసిరింది పిన్ని. తర్వాత యజమాని మాట చెప్పింది: రాత తీసేసి, అదంతా కల్పన అని ఒక ముక్క పెడితే పని తిరిగి ఇస్తాడట.

మాస్టారి ప్రాణం లేచొచ్చింది. చవగ్గా తేలే బేరం. “ఇప్పుడే తీయిద్దామమ్మా. తప్పు నాదే.” ఆ మాట సులువుగానే వచ్చింది. దానికి ఖర్చు లేదు.

“ఆగండి. నాకు చదువు రాదు. ముందు అందులో ఏముందో వినాలి. పిల్ల కాదు, మీరు చదవండి.”

ఆయన చదివాడు. ఆమె కళ్లు మూసుకుని వింది.

“అక్కడ తప్పుంది. పూట కాదు, రెండు రోజుల కూలీ కోశాడు. దిద్దవే.”

“దిద్దితే నీ పని పోతుంది పిన్నీ!”

“మిషనుకు ఇప్పటికీ రేకు లేదు. నా చోట్లో రేపు ఇంకొకత్తి నిలబడుద్ది. నాది కల్పనంటే దాని వేలు కూడా కల్పనే అవుద్ది. తీసేది లేదు.” మాస్టారి వైపు తిరిగింది. “రాయించింది మీరేగా. కింద మీ పేరు వేయండి. కాలేజీ మాస్టారంటే కాస్త జంకుతాడు.”

నెలాఖరుకు ఆయన కాంట్రాక్టు ముగుస్తుంది.

“నా పేరెందుకమ్మా ఇందులో...” అన్నాడు.

ఆమె పిల్ల వైపు తిరిగింది. పిల్ల అక్కడే నిలబడి ఫోనులో కూలీ లెక్క దిద్దింది.

వారం తిరిగేసరికి ఆ రాతకు నూట పన్నెండు కామెంట్లు వచ్చాయి. మిషనుకు రేకు రాలేదు, పిన్నికి పని రాలేదు. మాస్టారు ఆ పదో మార్కు కూడా వేయబోతే, “వద్దు సార్,” అంది పిల్ల.

బ్లాగుల క్లాసుకు మంచి పేరొచ్చిందని ప్రిన్సిపాల్ ఆయన్ను ఇంకో ఏడాదికి ఉంచుకున్నాడు. ఆ కొత్త కాంట్రాక్టు కాగితం మీద మాత్రం ఆయన తన పేరు పూర్తిగా రాసి, సంతకం పెట్టాడు.